హేరోదు హనోకు

చర్చిలో హేరోదు రాజుకు వన్స్‌మోర్ కొట్టడమేమిటని నవ్వేవాళ్లు బళ్లారిలో ఇప్పటికీ ఉన్నారు. నవ్వనివ్వండి. కొట్టిన మాట నిజం. ఎనభై ఎనిమిది క్రిస్మస్‌కు మిషను చర్చి ఆవరణలో వేసిన నాటకంలో, బెత్లెహేములోని పసిబిడ్డలను చంపి రమ్మని హేరోదు పద్యం ఎత్తుకుంటే, ఒళ్లో పిల్లలను పెట్టుకున్న తల్లులతో సహా జనమంతా వన్స్‌మోర్ వన్స్‌మోర్ అని కేకలు పెట్టారు. పాస్టరుగారు తల పట్టుకున్నారు. హేరోదు వేషం కట్టిన హనోకు మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మళ్లీ ఎత్తుకున్నాడు.

అప్పటికి హనోకుకు ముప్పై ఏళ్లు. గనుల కంపెనీలో గుమాస్తా. ఆదివారం కీర్తనలు పాడే గొంతే గానీ పద్యం ఎత్తడం తెలియదు. నేర్పింది నాటకాల మేష్ట్రు ఆంజినప్ప. ఆయనది మోకా దగ్గర పల్లె. సైకిలు వెనక హార్మోనియం కట్టుకుని వచ్చేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో దుర్యోధనులనూ కృష్ణులనూ తయారుచేసే మనిషి. "హేరోదంటే ఎవురప్పా?" అని అడిగి, కథంతా విని, "ఓ, మన కంసుడే గదా!" అని తేల్చేసి, పద్యాలకు అఠాణా రాగం కట్టాడు. కౌల్ బజారులో అద్దెకు తెచ్చిన దుర్యోధనుడి కిరీటమే హేరోదుకూ పెట్టారు. గద మాత్రం వద్దని పాస్టరుగారు పట్టుబట్టబట్టి అదొక్కటి ఆగింది.

ఆ నాటకాన్ని సంఘంలో ఎవరో టేపు రికార్డరులో పట్టారు. క్యాసెట్ల పిచ్చి ఊరంతా ముదిరి ఉన్న రోజులవి. టీ అంగట్లో క్యాసెట్టు, లారీలో క్యాసెట్టు, పెళ్లింట్లో క్యాసెట్టు. సినిమా పాటలతో సమంగా నాటకం పద్యాలూ అమ్ముడుపోయేవి. కౌల్ బజారు షాపాయన ఒకడు హేరోదు పద్యాలను ఎక్కించి, పైన కిరీటం పెట్టుకున్న హనోకు ఫోటో వేసి అమ్మాడు. ఇంకేముంది! హనోకు బజారులో నడిచిపోతుంటే తన గొంతే తనకు ఎదురొచ్చేది. "హేరోదప్పా, ఎక్కు, ఇంటికాడ దింపుతా" అని ఆటోవాళ్లు పిలిచేవాళ్లు. భార్య జ్ఞానకుమారి ఊరుకునే మనిషి కాదు. "దేవుని పాటలు పాడినన్ని దినాలు ఒగడూ పిలవలా. బిడ్డల్ని సంపమంటానే పిలుస్తాండారు" అని ఎత్తిపొడిచేది. ఎత్తిపొడిస్తే పొడిచింది, హనోకుకు అదీ పొగడ్తలాగే ఉండేది.

ఆ తర్వాత రోజులు తిరగబడ్డాయి. ఇనుప ఖనిజపు ఎర్రమట్టికి బంగారం ధర వచ్చింది. కొండలు లారీలెక్కి రేవులకు పోవడం మొదలైంది. హనోకుకు యశ్వంతనగర్ దగ్గర, ఖనిజం లారీలను తూకం వేసే కాటా మీద పని పడింది. పొద్దున తెల్లచొక్కా వేసుకుని పోతే సాయంత్రానికి ఏ రంగో చెప్పలేనంత దుమ్ము. ఆ దుమ్ము చొక్కా మీద ఆగిందా, లేదు, గొంతులోకి దిగింది. జ్ఞానకుమారి పోయింది. బిడ్డ వినీల బడిలో టీచరైంది, చర్చిలో కీబోర్డు వాయించేది. హనోకు మాట్లాడితే జీర, నవ్వితే దగ్గు. పాడడం ఎప్పుడో మానేశాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఆల్విన్ వచ్చాడు. చెప్పుల్లేకుండా సండే స్కూలుకు వచ్చిన కుర్రాడే ఈ ఆల్విన్. ఇప్పుడు లారీల కాంట్రాక్టరు, సత్యనారాయణపేటలో మూడంతస్తుల ఇల్లు.

"అంకల్, ఈ క్రిస్మస్‌కు ప్రోగ్రాం అంతా నా ఖర్చే. పెద్ద స్టేజి, పెద్ద సౌండు. మీ హేరోదు పద్యం ఉండాల్సిందే."

హనోకుకు ఒళ్లు పులకరించింది. గొంతు సంగతి గుర్తే రాలేదు. మరుసటి ఆదివారం ఆరాధన అవుతూనే మోకా బస్సెక్కాడు. ఆంజినప్ప మేష్ట్రు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. హార్మోనియం లోపల మూలన గుడ్డ కప్పుకుని ఉంది. నేర్చుకోవడానికి వచ్చే పిల్లకాయలు లేరు. అందరూ లారీల మీద క్లీనర్లుగా పోయారు.

"మేష్ట్రే, మళ్లా పాడతాండా. మీరు రావాల."

"నువ్వు పాడతాండావంటే రాకుండా ఉంటానేందప్పా! ఈ చెయ్యి పోయినాది గానీ చెవులు బాగనే ఉండాయి" అని మేష్ట్రు నవ్వాడు. ఆయన భార్య మద్దమ్మ బెల్లం కాఫీ ఇచ్చింది. హనోకు తాగి, గొప్పగా తలెగరేసుకుని తిరిగొచ్చాడు.

రిహార్సలు రోజున గొంతు పరువు తీసింది. పద్యం మొదటి పాదం ఎలాగో గడిచింది. రాగం పైకి తీసుకుపోయే చోట గొంతు రెండుగా చీలి, దగ్గు వచ్చి, కళ్ల వెంట నీళ్లు కారాయి. సౌండువాళ్లు మొహాలు చూసుకున్నారు. ఆల్విన్ మాత్రం చలించలేదు.

"అంకల్, దీనికెందుకు అంత టెన్షను? మీ పాత క్యాసెట్టును సీడీలోకి ఎక్కిస్తాం. మీరు వేషం కట్టుకోని, సుమ్నే, ఊరికే నోరాడిస్తే సాలు. ఇప్పుడు పెద్ద పెద్దోళ్లే అట్ల చేస్తాండారు."

వద్దనాల్సింది. కత్తి పెట్టి ఎవరూ అడగలేదు. నాటకం పద్యం అంటే నాలుగు వేల మంది ముందర సొంత గొంతుతో నిలబడడమే గదా, నోరాడించడానికి మనిషెందుకు, బొమ్మ చాలదూ? ఇదంతా హనోకుకు తెలుసు. తెలిసీ తలూపాడు. ఆ కిరీటం, ఆ దీపాలు, ఆ వన్స్‌మోర్ ఒక్కసారి మళ్లీ కావాలనిపించింది. ఆ యావే అతన్ని ముంచింది.

మేష్ట్రుకు రావద్దని కబురు పెట్టాలి. ఏమని పెట్టాలి? పెట్టలేదు. బదులుగా ప్రార్థన చేశాడు. మోకా బస్సు రాకూడదని, మేష్ట్రుకు కాస్త నలతగా ఉండాలని దేవుణ్ని అడిగాడు. అడిగాక తన నోరు తానే మూసుకున్నాడు. ఛీ, ఇది ప్రార్థనేనా!

బస్సు వచ్చింది. మేష్ట్రు వచ్చాడు. తెల్ల పంచె, నుదుట విభూది, చేతికర్ర. పాత కళాకారుడని చెప్పి సంఘంవాళ్లు శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టారు. తెర లేచింది. హనోకు కత్తి దూసి నిలబడ్డాడు. స్పీకర్లలో నుంచి ముప్పై ఏళ్ల హనోకు గొంతు లేచింది. యాభైకి దగ్గరపడ్డ హనోకు నోరు తెరిచి మూశాడు, చెయ్యెత్తాడు, కళ్లురిమాడు. జనం ఊగిపోయారు. మేష్ట్రు కళ్లు మూసుకుని, ఎడమచేత్తో తొడ మీద తాళం వేస్తున్నాడు. పద్యం ముగియగానే వన్స్‌మోర్ అని ఆవరణంతా అరిచింది.

వన్స్‌మోర్ పడితే నటుడు హార్మోనియం వైపు తిరిగి శ్రుతి అందుకోవాలి. అలవాటు కొద్దీ హనోకు తిరిగాడు. అక్కడ నల్లటి స్పీకరు ఉంది. సౌండు కుర్రాడు బొటనవేలు పైకి చూపించి మళ్లీ మీట నొక్కాడు. హనోకు మళ్లీ నోరు తెరిచాడు. ఈసారి ముందు వరుస వైపు చూడలేకపోయాడు. పందొమ్మిదేళ్లుగా ఏ చప్పట్ల కోసం తపించాడో, ఆ చప్పట్లు మొహాన పేడనీళ్లు చల్లినట్టు అనిపించాయి.

ప్రోగ్రాం అయ్యాక మేష్ట్రు కర్ర పోటేసుకుంటూ స్టేజి వెనక్కి వచ్చాడు.

"ఏం గొంతప్పా అది హనోకూ! రవ్వంతన్నా మారలేదు గదప్పా! అది సరే, పెట్టె వాయించింది ఎవురు? తెర ఎనక దాచిపెట్టినారేంది? నువ్వు రాగం ఇడిసిన కాడ శ్రుతి పట్టుకోని ఎట్ల నిలిసినాడో! ఆ మనిషిని సూపించు, సెయ్యి పట్టుకోవాల."

హార్మోనియం టేపులోదంటే గొంతూ టేపులోదే అవుతుంది. కిరీటం ఇంకా తల మీదే ఉంది. హనోకు అటూ ఇటూ చూశాడు. నాలుగడుగుల అవతల వినీల కీబోర్డు వైరు చుడుతోంది.

"మా బిడ్డే మేష్ట్రే, వినీల" అన్నాడు.

అనేశాడు! కన్నబిడ్డను చూపించి మరీ అనేశాడు. వినీల తల ఎత్తేలోపే మేష్ట్రు తన భుజం మీది శాలువా తీసి ఆ పిల్లకు కప్పాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఈ చెయ్యి పడిపోయినప్పుడు, ఇంగ నా వాయింపు నాతోనే పాయ అనుకుంటి తల్లీ. పోలా. నీ కాడ ఉండాది."

వినీల తండ్రి వైపు చూసింది. చెప్తాడేమోనని చూసింది. హనోకు కిరీటం తీసి, దానికి అంటిన జిగురు గీకుతూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక ఆ పిల్ల శాలువా మడిచి తండ్రి ముందర పెట్టింది. "నాయనా, నా చేత అబద్ధం చెప్పించినావు. నేను నోరు తెరవకుండానే చెప్పించినావు."

"పోయి చెప్తాలేమ్మా, కొత్త సంవత్సరం కానీ."

కొత్త సంవత్సరం అయింది. కాటా దగ్గర లారీలు ఎక్కువగా ఉన్నాయన్నాడు. దగ్గన్నాడు. సాకులకు కొదవా? శాలువా బీరువా మీద అలాగే ఉంది. దాన్ని చూడకుండా అద్దం ముందు తల దువ్వుకోవడం హనోకు అలవాటు చేసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మోకా బస్సు కండక్టరు ఇంటి ముందర ఆటో దిగాడు. పాత దుప్పటిలో మూటగట్టిన హార్మోనియం దింపాడు. "మేష్ట్రు మీ బిడ్డకు ఇమ్మన్నాడప్పా. ఇంట్లో ఉంటే ఎలుకలు తిత్తి కొరుకుతాయంట. వాయించేటోళ్ల కాడ ఉండాలన్నాడు."

హనోకు గడప మీద కూలబడ్డాడు. భూమి నోరు తెరిస్తే అందులోకి పోయేవాడే.

"ఇంగ నువ్వు పోకుంటే నేనే పోతా" అంది వినీల.

శనివారం ఇద్దరూ బయల్దేరారు. బస్సు పైన పెట్టె, హనోకు ఒళ్లో సంచి, సంచిలో శాలువా, పళ్లు. దారి పొడుగునా హనోకు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. మేష్ట్రు తిడతాడు. పల్లెల్లో శ్రుతి తప్పిన దుర్యోధనులను నలుగురి ముందరా చెడామడా తిట్టిన నోరది. తిట్టనీ. తిడితే భారం దిగుతుంది అనుకున్నాడు.

మేష్ట్రు తిట్టేదెక్కడ! పెట్టెను, పిల్లను చూసి మనిషి పొంగిపోయాడు. "మద్దమ్మా, చాప ఎయ్యి! నేను చెప్పలేదా, ఆ బిడ్డే! పెట్టె తీసుకోనే వచ్చినాది, నా ముందర వాయించాలని!" వీధిలోకి కేకేసి ఇరుగుపొరుగును పిలిచాడు. పదిమంది గుమికూడారు. దుప్పటి విప్పి పెట్టెను వినీల ముందర పెట్టారు.

"వాయించు తల్లీ. ఆ అఠాణానే."

వినీల చేతులు ఒళ్లోనే ఉంచుకుంది. తల వంచుకుంది. ఆ పిల్ల చెవులు ఎర్రబడడం హనోకుకు కనిపించింది. ఇక ఆగలేకపోయాడు.

"మేష్ట్రే, బిడ్డకు ఆ వాయింపు రాదు. ఆ పొద్దు పెట్టె ఎవురూ వాయించలా. నేనూ పాడలా. పాత క్యాసెట్టు ఏసి నోరాడించినా. మీరు అడిగితే సిగ్గుతో బిడ్డను సూపిచ్చినా. తప్పు నాది."

వీధిలోవాళ్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు. మద్దమ్మ "అయ్యో నా తల్లీ" అని వినీల వీపు నిమిరింది. హనోకు చేతులు కట్టుకుని తిట్ల కోసం నిలబడ్డాడు. మేష్ట్రు తిట్టలేదు. కనుబొమలు ముడిచాడు.

"అట్లయితే, ఆ క్యాసెట్టులో వాయించింది ఎవురు?"

"మీరే మేష్ట్రే. ఆ నాటకం పొద్దు చర్చిలో పట్టిన క్యాసెట్టు అది."

"నేనా?"

ఆయన పడిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపు దానివైపే చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఇన్నావా మద్దమ్మా? నేనేనంట. నేను అంత బాగ వాయిస్తాంటినంట."

అప్పుడు గానీ హనోకుకు తెలిసిరాలేదు. జన్మంతా పెట్టె వెనక కూర్చుని, ఎవరి గొంతు ఎక్కడ జారుతుందోనని కనిపెట్టుకుని వాయించిన మనిషి. తన వాయింపును ఎదురుగా కూర్చుని ఎన్నడూ వినలేదు. అందుకే ఆ రోజు పోల్చుకోలేదు. క్యాసెట్టు బళ్లారి అంతా విన్నది. హనోకు దాన్ని పాస్టరుగారికి ఇచ్చాడు, గుంతకల్లు అత్తగారింటికి ఇచ్చాడు, ముక్కూమొహం తెలియని లారీ డ్రైవరు అడిగితే ఇచ్చాడు. మోకాకు మాత్రం ఒక్కటీ పోలేదు. ఇవ్వకూడదని అనుకుని కాదు. అసలు తోచనే లేదు. అదే మరీ సిగ్గుచేటు.

"కౌల్ బజార్లో అందరూ ఇంటాండారని నువ్వే చెప్తాంటివి గదప్పా" అన్నాడు మేష్ట్రు. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలనే అడిగాడు. "నాకొకటి ఇయ్యాలనిపించలేదా?"

హనోకు తల వంచుకుని సంచిని దగ్గరికి లాక్కున్నాడు, మేష్ట్రు చూపు దాని మీద పడింది.

"పోనీలే, ఇప్పుడన్నా తెచ్చినావు గదా" అని మేష్ట్రు మొహం విప్పారింది. "ఆ రోజు నీ గొంతే ఇంటాంటి, పెట్టె ఎవురో వాయిస్తాండారని ఇంటి. ఇప్పుడు నేనని ఇనాల. పక్కింట్లో టేపు ఉండాది. ఎవురన్నా పోయి తేండప్పా!"

ఒకతను అప్పుడే టేపు కోసం పరిగెత్తాడు. వీధిలోవాళ్లు చాప మీద సర్దుకుని కూర్చున్నారు. హనోకు సంచిలో చెయ్యి పెట్టాడు. శాలువా తగిలింది, పళ్లు తగిలాయి. వినీల తండ్రి మొహం చూసి, చూడలేక తల తిప్పుకుంది.

"తేలేదు మేష్ట్రే" అన్నాడు హనోకు.