సుమలతను అగ్రెసివ్ అన్నారు

హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో సుమలత చాలా ఏళ్లు మిషన్ కుట్టింది. ధర్మవరంలో భర్త గంగాధర మగ్గం మూలపడ్డాక కాపురం పెనుకొండకు మార్చారు. అక్కడినుంచి కంపెనీ బస్సులో వచ్చిపోయేది. మాట నెమ్మది, చెయ్యి చురుకు. ఆ చురుకు చూసి ఆమెను ఒక వరుస మిషన్ల మీద లైను సూపర్‌వైజర్ని చేశారు.

కొత్తలోనే మేనేజర్ ఉమేష్ పిలిచి, "నీ లైను వెనకబడతా ఉంది. కొంచెం అగ్రెసివ్‌గా ఉండాలమ్మా," అన్నాడు.

తలూపి వచ్చేసింది గానీ ఆ మాట అర్థం కాలేదు. ఆఫీసులో పనిచేసే సౌమ్యను అడిగింది.

"మీద పడి పోట్లాడేవాళ్లను అంటారక్కా. కంపెనీల్లో మెచ్చుకునేదానికీ వాడతారు, గట్టిగా నిలబడి పని చేయించేవాళ్లను."

"సారు నన్ను ఎట్ల ఉండమన్నట్టు?"

"మంచి అర్థమేలే," అంది సౌమ్య, ముఖంలోకి చూడకుండా.

అప్పటినుంచి సుమలత గొంతు పెంచింది. మొన్నటిదాకా పక్కన కూర్చుని అన్నం తిన్న ఆడవాళ్లను కసిరింది. ఇంట్లో గంగాధర "నా మీదెందుకు అరుస్తాండావు?" అనేదాకా అరుస్తున్నట్టే తెలిసేది కాదు. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉండసాగింది.

సరుకు లోడు చేయాల్సిన హడావిడిలో ఒక మధ్యాహ్నం ఉలిగమ్మ లేచి నిలబడింది. సుమలతకు మిషన్ నేర్పింది ఆమే.

"పాపా, బాత్రూంకు పోయొస్తా."

తన గాజు గదిలోంచి ఉమేష్ చూస్తున్నాడు. "ఈ కట్ట అయిపోనీ పిన్నమ్మా," అంది సుమలత.

కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. ఆ తర్వాత ఉలిగమ్మ అడగలేదు. కుట్టే చేతులు ఆగిపోయాయి. స్టూలు కింద నేల తడిసింది.

సుమలత చున్నీ తీసి ఆమె నడుముకు చుట్టబోయింది. ఉలిగమ్మ చున్నీ లాక్కుని తనే చుట్టుకుని పోయింది.

సుమలత నేరుగా గాజు గదిలోకి నడిచింది. "సార్, ఇంక నా లైనులో ఎవర్నీ ఆపను. మేమూ మనుషులమే."

"ఎందుకింత అగ్రెసివ్‌గా మాట్లాడతావు? ఇదే నీ ప్రాబ్లం."

"మీరే కదా సార్ అట్ల ఉండమన్నారు?"

"వాళ్ల దగ్గర. నా దగ్గర కాదు."

"అయితే నన్ను మళ్లా మిషన్ మీదికి పంపండి."

"పైకి వచ్చినవాళ్లు కిందికి పోయేది లేదు. ఇష్టం లేకుంటే మానేయొచ్చు."

మానేస్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గంగాధరకు పని ఎప్పుడో ఒకరోజు దొరికేది, ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. ఆమె లైను దగ్గరికి తిరిగొచ్చింది.

ఇప్పటికీ ఆ లైనులోనే ఉంది. బాత్రూంకు ఎవర్నీ ఆపదు. లైను వెనకబడితే ఉమేష్ చేత మాటలు పడుతుంది, మరునాడు పొద్దున్నే ఆడవాళ్ల మీద అరుస్తుంది. ఉలిగమ్మ మాత్రం లేచి నిలబడి, ఆమె తలూపేదాకా కదలదు.

"పో పిన్నమ్మా, నన్ను అడిగేదేముండాది?" అంటే,

"మీరు చెప్పాల కదా మేడం," అంటుంది.