అమ్మాయి అద్దాల కోసం తెనాలి వెళ్లిన రోజు

ఆగస్టు 14, బుధవారం. తెనాలిలో కంటి డాక్టరమ్మ గదిలో ఉన్నవాళ్లం: నేను, నా భార్య, ఎనిమిదో నెల గర్భిణి మా అమ్మాయి. అల్లుడు బాపట్లలో ఉద్యోగంలో ఉన్నాడు.

తొలి కాన్పుకని అమ్మాయిని రేపల్లె తీసుకొచ్చి నెలైంది. నాలుగు రోజులుగా అక్షరాలు అలికినట్టున్నాయంటోంది. అద్దాలు మార్పిద్దామని పొద్దున్నే రైలెక్కించాను.

డాక్టరమ్మ అమ్మాయి కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూశారు.

"బీపీ ఎప్పుడు చూశారండి?"

"రోజూ చూసి రాస్తానండి," అని డైరీ ఇచ్చాను.

ఒంటి సంగతులు ఎడమ పేజీలో, బజారు పనులు కుడి పేజీలో రాయడం నా నలభై ఏళ్ల అలవాటు. ఎడమవైపు అమ్మాయి బీపీ: నూటనలభై, నూటయాభై, తలనొప్పి. మాత్రలు వేసుకున్నా నాకూ నూటయాభై ఉంటుంది, అందుకే కంగారుపడలేదు. కుడివైపు: చూపు మసక, అద్దాలు మార్చాలి.

ఆవిడ రెండు పేజీలూ చదివారు.

"మీ నూటయాభై వేరు, ఈ అమ్మాయిది వేరండి. బీపీకి కంటి వెనక రక్తనాళాలు సన్నబడిపోయాయి. కంటి లోపలి పొర కింద నీరు చేరింది. ఇది అద్దాలతో పోయేది కాదు. ఇలాగే వదిలేస్తే ఫిట్స్ రావచ్చు. ఇటునుంచిటే కాన్పుల ఆసుపత్రికి వెళ్లండి."

"చూపు వస్తుందాండి?" అంది అమ్మాయి.

"కాన్పయి బీపీ దిగాక చాలామందికి వస్తుందమ్మా. ఆలస్యం చెయ్యకూడదు."

ఆటోలో నా భార్య ఊరుకోలేదు. "వాన ఎన్నింటికి మొదలైందో కూడా రాస్తారు. ఆ రెండు పేజీలూ కలిపి ఒక్కసారి చదవలేకపోయారా?"

"ఊరుకోవే అమ్మా. నేనూ అద్దాలే అనుకున్నాగా," అంది అమ్మాయి కళ్లు మూసుకునే.

ఆసుపత్రిలో బీపీ నూటడెబ్బై. వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. సాయంత్రానికి అల్లుడొచ్చాడు. నేను వరండాలో కూర్చోలేక మెట్లదాకా వెళ్తూ వస్తూ ఉన్నాను.

"బాబాయిగారూ, కూర్చోండి. లేకపోతే మీకూ మంచం వెయ్యాల్సొస్తుంది," అంది నర్సు.

మర్నాడు ఉదయం, బీపీ లొంగడంలేదు, ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తామన్నారు. సంతకానికి కాగితం తెచ్చారు.

"ఎక్కడ నాన్నా?"

గీత మీద వేలు పెట్టాను. అమ్మాయి కాగితం తడిమి, నా వేలు దొరికాక, దాని పక్కన సంతకం చేసింది.

తొమ్మిదింపావుకి పాప ఏడుపు వినిపించింది. తల్లి చూపు సంగతి అడిగితే, ముందు బీపీ దిగనివ్వండి అన్నారు.