బండ్లు తగ్గిన వారం

మా బావకు పోయినవి ముందు చెబుతాను: పర్మినెంటు జాబితాలో పేరు, దాంతో వచ్చే క్వార్టరు, రెండేళ్ల సర్వీసు, ఎడమచెవి వినికిడిలో సగం. చివరిది ఫిరంగులు తీసుకున్నాయి. మిగిలిన మూడూ నా లెక్క తీసుకుంది. పోయిన వారం అక్కను బండెక్కించడానికి రామగుండం స్టేషన్లో నిలబడి ఉండగా, టార్పాలిన్లు కప్పిన మిలిటరీ గూడ్సు ఒకటి ఉత్తరానికి పోయింది. నా పెదవులు వాటంతట అవే కదిలాయి. ముప్ఫై నాలుగు వ్యాగన్లు. అక్క చూసింది. "ఇంక లెక్కవెడ్తనే ఉన్నవా తమ్మీ?" అని నవ్వింది.

పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో నేను గోదావరిఖనిలో, బొగ్గు నింపే సైడింగులో వ్యాగన్లు లెక్కరాసేవాణ్ణి. చదువు ఐదో తరగతిలో ఆగింది గాని కూడికలు ఆగలేదు. ఆ వానాకాలం చివర ఖాళీ వ్యాగన్లు ఆలస్యంగా రాసాగాయి. యుద్ధం వచ్చేలా ఉందని, ఇంజన్లు మిలిటరీ బండ్లకు పోతున్నాయన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. డ్యూటీ దిగగానే సైకిలు మీద రైలుగేటుకు పోయి, టార్పాలిన్ బండ్లు లెక్కపెట్టి సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకునేవాణ్ణి. మొదట రోజుకు రెండు, తరువాత ఐదు, దీపావళి నాటికి తొమ్మిది. క్యాంటీన్లో అందరూ నన్ను పంచాంగం అడిగినట్టు అడిగేవారు. విమానదాడి భయంతో కాలనీలో కిటికీలకు నల్లకాగితం అంటించమన్న రోజున, గనిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పనిచేసే చాచా, "అరె భాయ్, దినాం ఎన్మిది గంటలు చీకట్ల ఉండెటోళ్లకు చీకటి నేర్పుతరా?" అన్నాడు. రష్యా మన దిక్కు సంతకం చేసిందని, అమెరికా అవతలోళ్ల దిక్కుందని ఎవరో అంటే, "మరి మనల్ని పనికి తరిమే ఓవర్‌మెన్ ఎవని దిక్కు?" అన్నాడు. నవ్వాం గాని, టీ ఎవరమూ పూర్తిగా తాగలేదు.

బావ అసలు నవ్వనేలేదు. ఆయన పటాలంలో చేసి వచ్చి, యుద్ధమొస్తే తిరిగి పిలిచే రిజర్వులో ఇంకా ఉన్నవాడు. గనిలో బదిలీ కూలీ, అంటే పనికి రానివాళ్ల బదులు దిగేవాడు. గనిలో దిగిన రోజుకు ఒక మస్టర్ పడుతుంది. ఏడాదిలో నూట తొంభై నిండితే పర్మినెంటు. ఏడాది దాటితే మళ్లీ ఒకటి నుంచి. బావకు నూట ఎనభై ఆరు నిండాయి.

కార్తీకంలో బండ్లు తగ్గాయి. ఆరు, మూడు, ఒకటి. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి వాళ్లమ్మ కబురు చేసింది, వరి కోతకొచ్చిందని. కోతలకు గని ఎగ్గొట్టి ఊరికి పోవడం మా వాళ్లందరికీ అలవాటే.

"బామ్మర్దీ, నీ అట్ట ఏమంటది? నాలుగు మస్టర్లు నింపి పోదునా? అవ్వ ఒక్కతే ఉన్నది, గింజ రాలుతున్నదట."

"పో బావా. బండ్లు తగ్గినయ్, లడాయి రాదు. వచ్చినంక నింపుకుందువు."

ఆరోనాడు పటాలం నుంచి పిలుపు కాగితం వచ్చింది. కబురు అందగానే బావ పొలం నుంచి నేరుగా వచ్చాడు, తలలో గడ్డిపోచలతోనే. పెట్టె సర్దుతూ నా వైపు చూశాడు.

"బండ్లు ఎందుకు తగ్గినయ్? పోయేటివన్ని పోయినయ్ గనుక. సంచి నిండినంక ఇంక పోస్తరా, పిచ్చోడా?"

కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. అక్క ఆయన తలలోని గడ్డిపోచలు ఒక్కొక్కటే ఏరింది. పది, పదిహేను రోజులకే లడాయి మొదలైంది.

అది రెండు వారాల్లో ముగిసినా పటాలం వదలలేదు; ఏడాది దాటాక బావ తిరిగివచ్చి, తనకంటే చిన్నవాళ్ల వెనక నిలబడి ఒకటి నుంచి మొదలుపెట్టాడు. పర్మినెంటు అయ్యాడు, రిటైరయ్యాడు. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తితే, "ఆ ఏడు వడ్లు మంచిగ పండినయ్" అని కుడిచెవి నా వైపు తిప్పాడు. అప్పటి నుంచి నేను చేసిన డ్యూటీలు వేలల్లో ఉంటాయి. వాటిలో ఏ రోజునూ తీసుకుపోయి ఆ కార్తీకంలో పెట్టలేను. బావకు నేను ఇప్పటికీ బాకీ ఉన్నవి నాలుగు మస్టర్లు.