‘చుక్కాని’ టైపిస్టు ఇక్వో

ఇక్వోకి ముప్పై ఒకటో ఏడు నడుస్తుండగా ఆ కుర్రాడు యూనివర్సిటీ భూగోళ శాఖ ఆఫీసు గుమ్మంలో నిలబడి, "అక్కా, ఆరు పేజీలు టైపు చేసి పెట్టాలి. డబ్బుల్లేవు, నిజం మాత్రం ఉంది," అన్నాడు.

"నిజమైనా స్టెన్సిలు మీదే కొట్టాలి కదా అబ్బాయ్. స్టెన్సిళ్ళు ఎవరిస్తారు?" అంది ఇక్వో, మిషను మీంచి చూపు తిప్పకుండా.

ఆ కుర్రాడు అసుక్వో. రెండో ఏడు చదువుతున్నాడు. అవి సైనికుల పాలన రోజులు. విద్యార్థి సంఘానికి ఒక పత్రిక ఉండేది గానీ, దాని ప్రతి పేజీ మీదా డీన్ గారి సంతకం పడాలి. సంతకం పడ్డాక అందులో మిగిలేవి ఫుట్‌బాల్ ఫలితాలూ, పుట్టినరోజు శుభాకాంక్షలూ. ఎవరి సంతకమూ అక్కర్లేని పత్రిక పెడదామని అసుక్వో, మరో నలుగురూ బయల్దేరారు. నది ఒడ్డు ఊరు కదా, ‘చుక్కాని’ అని పేరు పెట్టుకున్నారు. చర్చిలో సైక్లోస్టైల్ మిషనుకి కాపలా ఉండే ముసలాయన్ని బతిమాలి ఒప్పించారు. టైపు చేసే మనిషే దొరకలేదు.

ఇక్వో ఎందుకు ఒప్పుకుందో తనకే సరిగా తెలియదు. పడవ నడిపేవాడి కూతురు. బడి చదువు అయ్యాక టైపు నేర్చుకుని, ఏ యూనివర్సిటీలో చదువుకోవాలనుకుందో అందులోనే గుమాస్తాగా చేరింది. పరీక్ష పేపర్లకని తెచ్చిన స్టెన్సిళ్ళలో అంచు నలిగినవి పారేస్తారు. వాటిని దాచి, మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు కర్రపెండలం రవ్వ, గరీ, నానబోసుకున్న గిన్నె పక్కన పెట్టుకుని కొట్టేది. కొడుతూ కొడుతూ వాక్యాలు సరిచేసేది.

"ఇదేం రాత అబ్బాయ్? మొదలుపెట్టినవాడివి ఎక్కడో చోట ఆపాలా వద్దా? ఊపిరాడక చస్తున్నాను," అనేది.

"మీరే ఆపేయండక్కా, ఎక్కడ బావుంటే అక్కడ," అనేవాడు నవ్వుతూ. ఒక మాట మాత్రం ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ అదే తప్పుతో రాసేవాడు. ‘ప్రభుత్వం’ అన్న మాటలో ఒక అక్షరం మింగేసేవాడు. "ప్రభుత్వమంటే నీకెంత కోపమైనా పూర్తిగా రాయవయ్యా," అని ఎగతాళి చేసేది. రెండేళ్ళలో పద్నాలుగు సంచికలు వచ్చాయి. హాస్టళ్ళలో ఒక్కో కాపీ ముప్పై మంది చేతులు మారి పీలికలయ్యేది.

పదిహేనో సంచిక దగ్గర ఇక్వో టైపు చేసి ఊరుకోలేదు. ఆ వానాకాలం ఆడపిల్లల హాస్టల్లో ముగ్గురు చచ్చిపోయారు. మలేరియా అంది యూనివర్సిటీ. ఇక్వోతో పాటు చర్చిలో పాడే అటిమ్, యూనివర్సిటీ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం పాట అయ్యాక చెవిలో చెప్పింది: "మలేరియా కాదే. టైఫాయిడ్. నెలలో ముప్పై నాలుగు కేసులు. ఆ కొత్త నీళ్ళ ట్యాంకు పక్కనే మురుగ్గుంట ఉంది. కట్టినవాడు పైవాళ్ళ బావమరిది. ఎవరు నోరు విప్పుతారు?"

"లిస్టు కావాలి," అంది ఇక్వో.

"నీకు పిచ్చా?"

"పిచ్చే. లిస్టు తే."

అటిమ్ తెచ్చింది. ఇక్వో తనే ట్యాంకు దగ్గరికి వెళ్ళి చూసింది, చనిపోయిన పిల్ల తల్లితో మాట్లాడింది, కూర్చుని మొత్తం తనే రాసింది. అసుక్వో మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు.

"అక్కా, దీనికి మీ పేరే పెట్టాలి."

"నా పేరు పెడితే నా పిల్లలకి గరీ కూడా మిగలదు. నీ పేరు పెట్టుకో. నీకేం, పిల్లలా, సంసారమా?"

పేరు అతనిదే పడింది. నాలుగో రోజుకి ట్యాంకు మూసేశారు. ఐదో రోజు అసుక్వోని పట్టుకుపోయారు. తొమ్మిదో రోజు ఇక్వో కోసం వచ్చారు.

చొక్కా నలగని ఆఫీసరొకడు ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. "చదువుకోమ్మా. టైపు చేసిందీ ఇక్వోయే, లిస్టు తెచ్చిందీ ఇక్వోయే, రాసిందీ ఇక్వోయే, నేను పేరు మాత్రమే ఇచ్చాను అంటున్నాడు మీ ఎడిటరు."

అబద్ధమనుకుంది. అప్పుడు ‘ప్రభుత్వం’ అన్న మాట కనిపించింది. ఒక అక్షరం లేదు. రెండేళ్ళు తను దిద్దిన దస్తూరీ. కింద సంతకం.

"లిస్టు నీకెవరిచ్చారు?"

"దారిలో దొరికింది."

చెంప మీద కొట్టాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ దారిలోనే దొరికింది. పదకొండు రోజులు ఉంచుకుని వదిలేశారు. అప్పటికి ఎడమ చెవి పనిచెయ్యడం మానేసింది. అటిమ్ పేరు మాత్రం ఆమె నోట్లోంచి రాలేదు. యూనివర్సిటీ ఆస్తి దుర్వినియోగం చేసినందుకు ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని కాగితం ఇంటికొచ్చింది. ఆస్తి అంటే ఆ నలిగిన స్టెన్సిళ్ళే.

ఆమె భర్త ఎఫియోమ్ రేవులో గుమాస్తా. వదిలిపోలేదు, కొట్టలేదు. "మా ఆవిడ పత్రిక నడిపింది లెండి, ఇప్పుడు నేను ఇల్లు నడుపుతున్నాను," అని ఇంటికొచ్చిన వాళ్ళందరి ముందూ అనేవాడు. పోయేదాకా అంటూనే ఉన్నాడు.

ఇక్వో పాత టైపు మిషను ఒకటి కొనుక్కుని కోర్టు గేటు దగ్గర రేకుల షెడ్డులో కూర్చుంది. పేర్లు తప్పు పడ్డవాళ్ళకీ, పొలం హద్దుల గొడవలకీ ప్రమాణ పత్రాలు టైపు చేసి పెట్టేది. అసుక్వో మీద కోపం తెచ్చుకోవాలని చూసింది గానీ రాలేదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఏం చేసి చెప్పించారో అనుకునేది. ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి వస్తాడని మాత్రం ఎదురుచూసింది.

ప్రభుత్వాలు మారాయి. ‘చుక్కాని’ని తర్వాత వచ్చిన విద్యార్థులు నడుపుతూ వచ్చారు. అసుక్వో రాజధానిలో పెద్ద పత్రిక పెట్టాడు, టీవీలో కనబడేవాడు. "మూడు వారాలు చీకటి గదిలో ఉన్నాను. ఒక్క పేరు కూడా చెప్పలేదు," అనేవాడు ప్రతి సభలోనూ. ఇక్వో కుడి చెవితో వినేది. ఒకసారి ఏదో కేసు పని మీద కోర్టుకి వచ్చాడు. షెడ్డు ముందు కారు ఆగింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె లేచి నిలబడింది కూడా. కారు అద్దం పైకి వెళ్ళిపోయింది.

‘చుక్కాని’కి ముప్పై ఏళ్ళు నిండిన ఏడు, ఇమెమ్ అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. యూనివర్సిటీలో చదువుతోంది, ఇప్పుడు ‘చుక్కాని’కి తనే ఎడిటరు. పత్రిక చరిత్ర రాస్తూ పాత ఫైళ్ళలో ఇక్వోని ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం చూసిందట.

"అమ్మా, పనికిరాని స్టెన్సిళ్ళకి ఉద్యోగం తీసేస్తారా? వెనకాల ఇంకేదో ఉంది. ఉంది కదా?"

ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. ఇక్వో ముఖం తిప్పుకుని, అకరాలనే అలసంద వడలమ్మే మనిషిని పిలిచి నాలుగు కొనిపెట్టింది. జరిగిందంతా మూడు శనివారాలు చెప్పింది. అటిమ్ అప్పటికి పింఛను తీసుకుంటూ ఉంది. తనూ వచ్చి పక్కన కూర్చుని, "నా పేరు కూడా రాసుకో అమ్మాయ్, ఇంకెవరికి భయపడాలి?" అంది. ఇమెమ్ కళ్ళు తుడుచుకుంటూ రాసుకుంది. "ఇది వెయ్యకపోతే మేం పత్రికవాళ్ళమే కాదమ్మా," అంది.

సంచిక వచ్చింది. మొదటి పేజీ నిండా అసుక్వో బొమ్మ. లోపల నాలుగు పేజీల చరిత్రలో ఇక్వో వెతికింది. మూడో పేజీలో రెండు వాక్యాలున్నాయి: ‘భూగోళ శాఖలో ఒక టైపిస్టు సాయపడేవారు. తర్వాత ఆవిడ సొంత వ్యాపారం కోసం ఉద్యోగం మానుకున్నారు.’ అటిమ్ పేరు లేదు. ట్యాంకు వార్త అసుక్వో రాశాడనే ఉంది.

వారం తర్వాత ఇమెమ్ వచ్చి షెడ్డు బయటే నిలబడింది.

"లోపలికి రా. బయట నిలబడితే ఎడమ చెవి వైపు పడతావు, వినపడదు."

"అమ్మా, ప్రెస్సు అసుక్వో గారు కొనిచ్చిందే. ఆఫీసు అద్దె ఆయనే కడతారు. యూనివర్సిటీ దగ్గర పైసా తీసుకోం కదా, మరి ఎవరో ఒకరు..."

"చదివాడా?"

"చదివారు."

"ఏమన్నాడు?"

ఇమెమ్ తలెత్తలేదు. "ఆవిడకి వయసు మీదపడింది పాపం, జ్ఞాపకం తప్పుతోంది అన్నారు."

ఆ ఆఫీసరు చెంప మీద కొట్టినప్పుడు కూడా ఇక్వోకి ఇంత అవమానం అనిపించలేదు. ముప్పై ఏళ్ళు ఆ కుర్రాడి మీద జాలిపడింది. ఆ జాలంతా ఇప్పుడు నోట్లో చేదుగా తిరిగింది.

"నన్ను క్షమించండమ్మా," అంది ఇమెమ్.

"క్షమించను," అంది ఇక్వో. "వాడిని కొట్టారు, చెప్పాడు. నిన్నెవరు కొట్టారే? వెళ్ళు. కోర్టు టైమైంది, నాకు పనుంది."

ఆ పిల్ల వెళ్ళాక, పాత టైపు మిషను స్థానంలో వచ్చిన కంప్యూటర్లో తన పేరు మీదే ఒక ప్రమాణ పత్రం మొదలుపెట్టింది. ‘నేను, ఇక్వో, వయసు అరవై ఒకటి, దేవుడి సాక్షిగా’ అని మొదలై తేదీలూ, పేర్లూ అన్నీ వరసగా మూడు పేజీలు వచ్చాయి. కోర్టులోకి తీసుకెళ్ళింది. ముద్ర వేసే గుమాస్తా ఎప్పటినుంచో తెలిసినవాడే.

"మీకేం కేసు ఆంటీ?"

"కేసేం లేదు."

"మరెందుకు?"

"నువ్వు ముద్ర వెయ్యి."

చదవకుండానే వేశాడు. ఒక కాపీ ‘చుక్కాని’కి పంపింది, ఒకటి యూనివర్సిటీ లైబ్రరీకి. ‘చుక్కాని’ నుంచి జవాబు లేదు. ఇలాంటివి తీసుకునే ఏర్పాటు మా దగ్గర లేదని లైబ్రరీ వాళ్ళు తిప్పి పంపారు. ఆ మరుసటి ఏడు అటిమ్ చనిపోయింది. ఇమెమ్ చదువు పూర్తి చేసుకుని రాజధానిలో అసుక్వో పత్రికలో చేరిందని ఎవరో చెప్పారు. బాగా రాస్తుందట.

"రాస్తుంది, తెలివైన పిల్ల," అంది ఇక్వో, పొలం హద్దు గొడవతో వచ్చిన మనిషిని కూర్చోమని కుర్చీ చూపిస్తూ.