జ్వరం తగ్గించుకొని ఆసుపత్రికి

మా ఊళ్లో ఆసుపత్రికి పోవాలంటే ముందు ఒంట్లో బాగుండాలి. నవ్వులాటకు అనడం లేదు. కోసిగి దగ్గరి మా పల్లె నుంచి ఆదోనికి పొద్దున ఒకటే బస్సు. అందులో సీటు దొరకదు. దిగాక ఓపీ చీటీకి ఒక వరుస, డాక్టరు గది ముందు ఇంకో వరుస. అంతసేపు నిలబడగలిగే మనిషికి డాక్టరెందుకని నాకు ఒళ్లు మండేది.

అందుకే మా ఆడవాళ్లు బస్సెక్కే ముందు అంగట్లో దొరికే జ్వరం మాత్ర మింగుతారు. పది రోజులైనా అమ్మకు చలిజ్వరం విడవకపోతే నేనూ అదే చేశాను. నా చేత్తోనే మాత్ర ఇచ్చి, తల దువ్వి బస్సెక్కించాను. డాక్టరు దగ్గరికి చేరేసరికి ఆమె ఒళ్లు చల్లగా ఉంది.

"జ్వరం లేదు కదమ్మా," అన్నాడాయన.

మాత్ర వేసుకొని వచ్చిందని నేను చెబుతుంటే అమ్మ అడ్డం పడింది. "ఇప్పుడు బాగుండాది సార్. మీ పుణ్యం." ఇంకా కలం తీయని డాక్టరుకు దండం పెట్టింది. పెద్దమనిషి ముందు బాగలేదనడం ఆమె దృష్టిలో మర్యాద కాదు. నేను పళ్లు కొరుక్కున్నాను.

ఆయన చెడ్డవాడేం కాదు. బయట అంత జనమున్నా నా మాట విన్నాడు. "ఈసారి మాత్ర వేయకుండా జ్వరంతోనే తీసుకురా. అప్పుడు రక్తపరీక్ష చేయిద్దాం," అన్నాడు.

మూడో రోజు అలాగే బయలుదేరాం. దుప్పటి కప్పుకొని వణుకుతూ, నా భుజం పట్టుకొని అమ్మ బస్సు దాకా వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టింది గానీ ఎక్కలేకపోయింది. వెనక నుంచి ఎత్తబోతే నా చేతుల్లోంచి జారి కూలబడింది.

"ఇట్లున్నప్పుడు ఎట్ల తీసుకపోతావమ్మా? ఆదోని దాకా నిలబడల్ల గదా," అన్నాడు కండక్టరు. బస్సు పోయింది. ఊళ్లో ఉన్న రెండు ఆటోలూ కూలోళ్లను ఎక్కించుకొని పొద్దున్నే పత్తిచేలకు పోయాయి.

"మాత్ర ఇయ్యి మే," అంది అమ్మ.

ఇవ్వకూడదని తెలుసు. ఆ వణుకు చూస్తూ ఇవ్వకుండా ఉండడం నా వల్ల కాలేదు. కొంగున ముడి వేసుకున్న మాత్ర విప్పి ఇచ్చి, పక్కనే కూర్చొని ఏడ్చాను.

గంటకు ఆమెకు చెమట పట్టింది. లేచి మొహం తుడుచుకొని, దుప్పటి మడిచి చంకన పెట్టుకుంది.

"ఏమిటికి ఏడుస్తాండావు మే? తగ్గింది సూడు. పా, పెద్దరోడ్డు దాకా నడుసుకుంటా పోయి బస్సెక్కుదాం. ఇప్పుడు ఎంతసేపైనా నిలబడతా."