ఫ్రాన్సిస్ సూదిమందు

మల్కాపురం ఫ్రాన్సిస్‌కి అరవై దాటాయి. పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాక జిమ్‌లో చేరాడు. కండ నిలుస్తుందని అక్కడ అమ్మిన పెప్టైడ్ అనే సూదిమందు సీసాని ఫ్రిజ్‌లో చేపల డబ్బా వెనక దాచి, పొద్దున్నే పొట్ట మడతలో పొడుచుకుని, అద్దంలో భుజాలు ఎగరేసి చూసుకుంటాడు. ఓ ఆదివారం, పక్షవాతంతో కాళ్లు పడిపోయిన భార్య ఫ్లోరెన్స్ కుర్చీలోంచి అది చూసేసింది.

"ఏటిది? ఎవుల కోసమీ కుర్రతనం?"

"నిన్నెత్తుకుని మూడంతస్తులు దింపాల కదే. మొన్న మెట్ల మీద నా సేతులు వణికాయి."

ఫ్లోరెన్స్ సీసా వైపు వేలు చూపించింది.

"డాక్టర్ని అడక్కుండా పొడుసుకుని నువ్వే పడిపోతే నన్నెవులు సూస్తారు? పారేసి రా. చర్చికి టైమైపోతంది."

అతను సీసా పారేసి వచ్చి ఆమెని ఎత్తుకున్నాడు. సగం మెట్లు దిగి ఆయాసంతో ఆగితే, ఫ్లోరెన్స్ కొంగుతో అతని మొహం తుడిచింది.

"తొందరేటి నేదు. పాటలు మొదలెట్టేసినా పర్లేదు."