గొంతు తగ్గిన చోట

ఆ నాలుగంతస్తుల భవనంలో అందరూ ఆమెను ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. పెద్దాసుపత్రి టెలిఫోన్ బోర్డు ముందు ముప్పై ఆరేళ్ళు కూర్చుంది. ఆ కుర్చీ వదిలి పదేళ్ళయినా పేరు మాత్రం వదల్లేదు. ఆమె చేరిన కొత్తలో అది తీగల బోర్డు. వచ్చిన ప్రతి పిలుపుకూ ఒక తీగ తీసి సరైన రంధ్రంలో గుచ్చాలి. తరువాత మీటల బోర్డు వచ్చింది. బోర్డు మారినా చెవులు మారలేదు. "బయలుదేరాను, దారిలో ఉన్నాను" అనే డాక్టరు ఇంకా మంచం దిగలేదని రెండో మాటకే పసిగట్టేది. పైకి మాత్రం "అలాగేనండీ, వార్డుకు చెబుతాను" అనేది.

ఆమె కోడలిది పూర్తిగా వేరే తీరు. ఈ ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్ళలో ఔనంటే తల నిలువుగా, కాదంటే అడ్డంగా ఆడించడమే తప్ప ఆమె నోరు విప్పిన సందర్భాలు తక్కువ. బస్సుల్లో టికెట్లు కొట్టే యంత్రాలకు ప్రోగ్రాములు రాసే చిన్న సంస్థలో పనిచేసేది. అక్కడున్న పదకొండు మందిలోనూ పనిలో ఆమెకు సాటి లేరు.

"మా ఇంట్లో వినడానికి ఒకరు, మాట్లాడకుండా ఉండడానికి ఒకరు. మధ్యలో నేను రేడియోని" అని కొడుకు నవ్వుతుండేవాడు.

క్రితం ఏడాది ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో ఆ మౌనమే కొంప ముంచింది. ఇచ్చిన లెక్కలన్నీ కోడలు చేసింది, రాసిన ప్రోగ్రాము నడిచింది. అయినా తీసుకోలేదు. కంపెనీ నుంచి ఫోను చేసినావిడ దాపరికం లేకుండా చెప్పింది: "మీ జవాబు తప్పు కాదండీ. కానీ నలభై ఐదు నిమిషాల పాటు మాకు కీబోర్డు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మీరు ఎలా ఆలోచిస్తారో మాకు తెలియాలి కదా?"

మళ్ళీ ప్రయత్నించాలంటే ఏడాది ఆగాలన్నారు. ఆ ఏడాది నిండుతుండగానే టికెట్టు యంత్రాల సంస్థ మూతపడుతోందని కబురొచ్చింది. మూడు నెలల గడువు. కోడలికి ముప్పై తొమ్మిదేళ్ళు. పద్నాలుగేళ్ళుగా పనిచేసింది ఆ ఒక్కచోటే. ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఎవరూ ఉలకలేదు, పలకలేదు. చివరికి పిలిచింది ఆ పెద్ద కంపెనీ ఒక్కటే. ఈసారి కూడా నోరు పెగలకపోతే ఇక ఎదురుచూడడానికి ఏదీ లేదు.

లెక్కల సంగతి కోడలికి బెంగ లేదు. చేస్తున్న పనిని చేస్తుండగానే పైకి చెప్పడమే ఆమెకు చేతకాదు. మొదట భర్త ముందు సాధన చేసింది. అతను ప్రతి వాక్యానికీ "అద్భుతం" అనేవాడు. మూడో అద్భుతానికి గురక పెట్టేవాడు. ఆ తరువాత గోడకు చెప్పుకోవడం మొదలుపెట్టింది. వంటగదిలోంచి అది విన్న ఆపరేటరమ్మ రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు సాయంత్రం తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ గోడేం వింటుంది గానీ, నాకు చెప్పు."

"మీకు అర్థం కాదు అత్తయ్యా."

"ఆసుపత్రిలో డాక్టర్లు మాట్లాడుకున్నది నాకు అర్థమైందా ఏమిటి? లైను బాగుందా లేదా అన్నది మాత్రం తెలిసేది. కానివ్వు, చెప్పు."

ఆమె కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, కోడలికి వీపు పెట్టి కూర్చుంది. తల ఊపి పని జరిపించుకునే వీలు లేకుండా చేయడం ఆమె ఉద్దేశం. చేతిలో ఒక పెన్సిలు. కోడలి గొంతు తగ్గినప్పుడల్లా కిటికీ చట్టం మీద ఒకసారి కొట్టేది. అరనిమిషం చప్పుడు లేకపోతే రెండుసార్లు కొట్టేది. అంతకు మించి ఒక్క మాట కూడా అనేది కాదు.

రోజూ ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా ఇలా సాగింది. మొదటి వారం కోడలికి ఆ పెన్సిలు చప్పుడుకు ఒళ్ళు మండింది. పైకి అనలేక, అత్తగారు ఎక్కడెక్కడ కొట్టిందో కాగితం మీద గుర్తులు పెట్టుకుంది. వారం చివర చూసుకుంటే మొత్తం పంతొమ్మిది గుర్తులు. పద్నాలుగింటి దగ్గర ప్రోగ్రాములో నిజంగానే తప్పయినా ఉంది, సరిచూడకుండా దాటేసిన ఊహయినా ఉంది. తనకే తెలియని అనుమానం తన గొంతుకు ముందే తెలుస్తోంది.

"మిగతా అయిదూ ఏమిటత్తయ్యా?"

"ఆకలి. ఏడు దాటితే నీ గొంతు వంటింటి వైపు జారుతుంది."

రెండో వారం కోడలు మరీ అటు కొస పట్టుకుంది. ఊపిరి తిప్పుకోకుండా, చేసే ప్రతి పనికీ వ్యాఖ్యానం చెబుతూ పోయింది. ఆపరేటరమ్మ పెన్సిలు పక్కన పెట్టేసింది.

"అమ్మాయ్, లైను ఖాళీగా ఉందని ఏదో ఒకటి వాగకు. అవతలి మనిషికి ఏది తెలియాలో అది చెప్పు. ఆపైన కాసేపు వాళ్ళని కూడా మాట్లాడనీ."

ఒకరోజు వచ్చిన లెక్క ఆపరేటరమ్మకు పూర్తిగా అర్థమైంది. ఏ సమావేశం ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో జాబితా ఇస్తారు. అన్నీ జరగాలంటే కనీసం ఎన్ని గదులు కావాలో తేల్చాలి. ఆపరేటరమ్మ కుర్చీలో సగం వెనక్కి తిరిగింది.

"ఇది మా తీగల లెక్కే! సరే, పదింటికి ఒకటి ముగిసి, పదింటికే ఇంకొకటి మొదలైందనుకో. ఒక తీగ చాలుతుందా?"

"చాలుతుంది..." కోడలి గొంతు జారింది.

పెన్సిలు మోగింది. "చాలదు. అక్కడ పీకి ఇక్కడ గుచ్చేలోపు అవతలివాడు నా తాతముత్తాతలందరినీ తలుచుకుంటాడు. నీ లెక్కలో ఏమని ఇచ్చారు?"

కోడలు కాగితం చూసింది. "దాని గురించి ఏమీ ఇవ్వలేదు."

"ఇవ్వనిదాన్ని నువ్వెందుకు ఊహిస్తున్నావు? ఎదురుగా మనిషి ఉంటాడుగా, నోరు తెరిచి అడుగు."

పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో తెలియని చోటల్లా కోడలు తనే ఏదో ఒకటి ఊహించుకుని, రాత్రింబవళ్ళు ఆ ఊహల్ని తనే సరిదిద్దుకుంది. అడగడం కూడా పనిలో భాగమేనని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ప్రతి లెక్కకూ ముందు మూడు ప్రశ్నలైనా అడగనిదే చెయ్యి కదపలేదు. ఆపరేటరమ్మ తనకు తోచిన జవాబులు చెప్పేది. తప్పో ఒప్పో గానీ, దబాయించి చెప్పేది.

ఇంటర్వ్యూ ఇంటి నుంచే, కంప్యూటరు ముందు. ఒకే రోజు నలుగురితో నాలుగు విడతలు. కొడుకు ఊపిరి కూడా గట్టిగా పీలుస్తాడని తల్లి అతన్ని పొద్దున్నే బయటికి తరిమింది. గది తలుపు మూశారు. ఆపరేటరమ్మ ఇవతల స్టూలు వేసుకుంది. మాటలు స్పష్టంగా వినపడవు, గొంతు నడక మాత్రం తెలుస్తుంది. ఆమెకు అది చాలు.

మొదటి మూడు విడతలూ సాఫీగా నడిచాయి. నాలుగోదానిలో ఇరవై నిమిషాలయ్యాక కోడలి గొంతు జారింది. జారి, ఆగిపోయింది. అరనిమిషం. ఒక నిమిషం. ఆపరేటరమ్మ స్టూలు మీంచి లేచింది. రెండుసార్లు కొట్టడానికి పిడికిలి తలుపు దాకా వెళ్ళింది. ఆసుపత్రిలో అంత నిశ్శబ్దం వచ్చిందంటే లైను తెగిందనే అర్థం. తెగిన లైను చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం ఆమె జన్మలో ఎరగదు. కానీ ఇది తన బోర్డు కాదు. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, కొట్టకుండా నిలబడింది.

లోపలి నుంచి మాట వచ్చింది. ఈసారి స్పష్టంగా, తలుపు దాటి వినిపించేంతగా: "ఒక్క నిమిషమండీ. ఇందాక నేను చెప్పిన దారి తప్పు. ఎక్కడ తప్పిందో చెప్పి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెడతాను."

ఆపరేటరమ్మ స్టూలు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

బయటికి వచ్చాక కోడలు, "చివరిది పూర్తి కాలేదత్తయ్యా. సమయం అయిపోయింది" అంది. ఆ పూట ఇంట్లో రేడియో కూడా మోగలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం కోడలు పాత ఆఫీసుకు తాళాలు అప్పజెప్పడానికి వెళ్ళింది. హడావుడిలో ఫోను ఇంట్లోనే మరిచిపోయింది. అది మోగింది. ఆపరేటరమ్మ తీసింది. కంపెనీ ఆవిడ. "ఆవిడ లేరా? రాగానే ఈ నంబరుకు చేయమనండి" అంది. అంతే. కానీ చెడ్డ కబురు చెప్పాల్సినవాళ్ళు తొందరపడరు, తూచి తూచి మాట్లాడతారు. ఈ గొంతు నోట్లో ఏదో పెట్టుకుని దాచలేకపోతున్న పిల్ల గొంతులా ఉంది. ఆపరేటరమ్మకు విషయం తెలిసిపోయింది.

గంటా పది నిమిషాల తరువాత కోడలు వచ్చింది.

"ఫోనొచ్చింది. నంబరు రాసిపెట్టాను, చెయ్యమన్నారు."

కోడలు నంబరు కాగితం వైపు చూడనైనా లేదు. "గొంతు ఎలా ఉందత్తయ్యా?"

"చెయ్యమన్నారు."

"మీకు తెలుసు. మీకు తెలియకుండా ఉండదు. చెప్పండి!"

ముప్పై ఆరేళ్ళలో ఎన్ని పుట్టుకలు, ఎన్ని చావులు ఆ చెవుల మీదుగా వెళ్ళాయో లెక్క లేదు. ఒక్క కబురు కూడా, అది ఎవరిదో వాళ్ళు స్వయంగా వినకముందు, ఆమె నోటి నుంచి బయటపడలేదు. "అది నీ ఫోను, అమ్మాయ్" అని చెప్పి ఆమె వరండాలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది.

పావుగంట గడిచింది. తలుపు భళ్ళున తెరుచుకుంది.

"వచ్చిందత్తయ్యా! వచ్చే నెలలోనే చేరమన్నారు! నాలుగోది పూర్తి కాకపోయినా, తప్పును నేనే పట్టుకుని చెప్పానని..." కోడలు ఒక్కసారిగా ఆగి, ఆమె మొహంలోకి చూసింది. "అంటే మీకు ఇందాకటి నుంచీ తెలుసన్నమాట! నా ప్రాణాలు పోతుంటే చూస్తూ కూర్చున్నారా? మనిషేనా మీరు? ఒక్క మాట, ఒక్క చిన్న మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

పక్కింటివాళ్ళు తలుపులు తీసి చూశారు. తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లోంచి ఆ గొంతు వినడం వాళ్ళకు అదే మొదటిసారి. ఆపరేటరమ్మ వరండా గోడకు ఆనుకుని కూర్చుని, ఎన్నాళ్ళకో తీరిక దొరికినట్టు కాళ్ళు చాపుకుంది.

"కానివ్వు, ఆగకు. వింటున్నాను" అంది.